టూరీకి ఒక కాలు పొట్టి

ఆగస్టు 11, సోమవారం

ఈ డైరీ ఈయనది. ఎవరో ఎరువుల కంపెనీ వాళ్ళు ఇచ్చారు. జనవరిలో నాలుగు రోజులు బీపీ లెక్కలు రాసుకుని వదిలేశారు. ఆ పేజీలు చింపేసి నేను మొదలుపెట్టాను. బియ్యం డబ్బాలో దాస్తాను. ఈ ఇంట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టేది నేనొక్కదాన్నే కాబట్టి కడప మొత్తంలో ఇంతకంటే భద్రమైన లాకరు లేదు.

శివాని బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. ముప్పయ్యో తారీకున బడిలో తాతల, అవ్వల పండగంట. ఒక్కో పిల్ల ఒక్కరినే తీసుకురావాలంట. పిల్లా, ముసలీ స్టేజి మీద కూర్చుని పిల్లకు ఇష్టమైన బొమ్మను తల నుంచి కాళ్ళ దాకా కలిసి గీయాలంట. చదువుతూ చదువుతూ నేను కొంగు సర్దుకున్నాను కూడా. నా మనవరాలు నా వైపు తల తిప్పకుండా వాళ్ళమ్మతో, "బేతంచెర్ల అవ్వకు ఫోన్ చెయ్యి మా. జేజికి బొమ్మలు రావు," అనింది.

జేజికి బొమ్మలు రావు! ఏడేళ్ళుగా ముక్కు తుడిచింది జేజి, జడ వేసింది జేజి, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుంది జేజి. ఇప్పుడు జేజికి రానిది ఒక్కటి దొరికింది దానికి.

బేతంచెర్ల అవ్వ అంటే మా కోడలు శ్రావణి తల్లి, వెంకటేశ్వరమ్మ. వాళ్ళకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆమె ఊరికే కూర్చోలేక చీరల మీద నెమళ్ళు వేస్తుంది. నాకూ ఒక చీర ఇచ్చింది. మంచి చీరే. నెమలికి కాకి ముక్కు పెట్టిందని నేను ఎవరితోనూ అనలేదు. ఇదిగో, ఇక్కడ రాసుకోవడమే.

ఆగస్టు 12

నాకు కోపమేమీ లేదు. పసిపిల్ల, ఏదో అనింది.

ఆగస్టు 13

కోపం కాదు గానీ, ఆ మాట అన్నప్పుడు కనీసం నా వైపు చూసి ఉండాల్సింది.

శివానికి ఇష్టమైన బొమ్మ టూరీ. బొమ్మల సినిమాలో పిల్ల. ఈ ఇంట్లో ఆ సినిమా నలభైసార్లు ఆడి ఉంటుంది. శివాని సంచి మీద, నీళ్ళ సీసా మీద, పక్కగుడ్డ మీద అదే. జుట్టు మూడు కొమ్ములుగా నిలబడి ఉంటుంది. కళ్ళు నిమ్మకాయలంత. ముక్కు పెట్టడం మరిచిపోయారు. పసుపు అంగీ, ఎర్ర బూట్లు. ఒక చెయ్యి నడుము మీద, ఇంకో చెయ్యి ఆకాశంలో. ఒక కాలు నేల మీద ఆని ఉంటుంది, రెండోది మోకాలి దగ్గర మడిచి వెనక్కి. ఎవరితోనో జగడానికి నిలబడ్డట్టు ఉంటుంది.

గీయలేనా నేను దీన్ని?

ఆగస్టు 14, గురువారం

కొడుకూ కోడలూ బ్యాంకులకు, పిల్ల బడికి వెళ్ళాక ఫోన్‌లో వీడియో పెట్టాను. 'పది నిమిషాల్లో నిలువెత్తు టూరీ'. గీసే అమ్మాయి ముఖం కనపడదు, నీలం గోళ్ళ చెయ్యి ఒక్కటే కనపడుతుంది. ముందు తలకు గుండ్రం. అలాంటి తలలు మూడు పేరిస్తే మొత్తం మనిషి. మధ్యలో వెన్నుకు ఒక వంపు గీత. భుజాలకు ఒక అడ్డగీత, నడుముకు ఒక అడ్డగీత. రెండూ ఒకే వైపు వాలకూడదంట. బరువు ఏ కాలి మీద ఉందో ముందు కనిపెట్టండి ఫ్రెండ్స్, అంటుంది.

పది నిమిషాలు కాదు, పదకొండు నుంచి ఒంటిగంట దాకా గీశాను. గుమ్మడికాయకు చీపురు గుచ్చినట్టు వచ్చింది. ముక్కలు ముక్కలుగా చించి చెత్తబుట్టలో అరటితొక్కల కింద పెట్టాను. ఈలోగా పప్పు మాడింది. ఈయన మాడిన పప్పు తిని, ఈ రోజు రుచిగా ఉందన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి దేన్నీ కనిపెట్టలేదు. అదే నా అదృష్టం.

ఆగస్టు 15

జెండా పండగ. బడిలో మిఠాయి ఇచ్చారంట. నాకు ఒక్క ముక్క కూడా తేలేదు.

ఆగస్టు 17, ఆదివారం

దొరికింది ఉపాయం. పెన్సిలు నా చేతికి కొత్త. ముగ్గుపిండి కొత్త కాదు. ఇరవై ఒక్క చుక్కల రథం ముగ్గు నేను పాలవాడితో మాట్లాడుతూనే వేస్తాను. టూరీని ముగ్గుగా ఎందుకు వేయకూడదు? తలకు ఏడు చుక్కలు, మెడకు ఒకటి, అంగీ అంచుకు తొమ్మిది. చుక్కలు లెక్కపెట్టుకుంటే గీత ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే మిద్దె ఎక్కి వేశాను. తల అద్భుతంగా వచ్చింది. మెడ దాకా వచ్చేసరికి గాలి లేచి కొమ్ములు మూడూ పక్కింటి వాళ్ళ వడియాల మీద పడ్డాయి.

ఆగస్టు 19

మిద్దె మీద నాలుగోసారి. ఇప్పుడు తెలిసింది తప్పెక్కడో. ముగ్గులో కుడివైపు ఏది వేస్తే ఎడమవైపు అదే వేయాలి. లేకపోతే మా అమ్మ నెత్తిన మొట్టేది. యాభై ఐదేళ్ళు ఆ మొట్టికాయ భయంతోనే వేశాను. అందుకే టూరీ కుడిచెయ్యి ఎంత చాపితే ఎడమచెయ్యి అంతే చాపుతుంది. కాళ్ళు రెండూ కొలిచినట్టు ఎడంగా పోతాయి. జగడానికి నిలబడ్డ పిల్లలా లేదు, పాడె మీద పడుకోబెట్టినట్టుంది.

ఆగస్టు 20

ఎడమకాలు మడిచాను. పొట్టిదైపోయింది.

ఆగస్టు 22, శుక్రవారం

దేవుడా.

వరసగా రాస్తాను.

మిద్దె చాలడం లేదు, పైగా గాలి. మా ప్రహరీ పక్కన ఖాళీ స్థలం ఉంది. ప్రతి ఏడూ వినాయకుడి పందిరి అక్కడే వేస్తారు కాబట్టి నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి ఆ ఎండలో కుక్క కూడా తిరగదు. పెరటి తలుపు తీసుకుని వెళ్ళాను. ఇవ్వాళ రంగులు కూడా వేద్దామనుకున్నాను. అంగీకి పసుపు, బూట్లకు కుంకుమ, జుట్టుకు ఇస్త్రీపెట్టె బొగ్గు నూరి తీసుకుపోయాను. ఇంట్లో ఉన్నవి అవే మరి. కళ్ళు సమానంగా రావడానికి రెండు నిమ్మకాయలు పెట్టి చుట్టూ పిండి పోశాను. ఆరడుగుల బొమ్మ. చుక్కలు ఎక్కడో తప్పు లెక్కపెట్టినట్టున్నాను, టూరీకి పొట్ట వచ్చింది. ఎడమకాలు మళ్ళీ పొట్టిదైంది. సరిచేద్దామనుకునేలోపు మోటారుసైకిలు చప్పుడు వినపడి పెరట్లోకి దూకాను. అరవై మూడేళ్ళ మనిషిని, దూకాను.

నిమ్మకాయలు అక్కడే ఉండిపోయాయి.

వచ్చింది ఎదురింటి రంగనాథ్. స్థలాల బేరాలు చేస్తాడు, మా వీధి చివర ఒక మేడ కట్టిస్తున్నాడు, వచ్చే ఎన్నికల్లో ఈ వార్డుకు నిలబడతానంటాడు. బొమ్మ చూసి బండి దిగబోయి, చూపు దాని మీదే ఉండి, గుంటలో కాలు వేశాడు. ఎడమకాలు. చీలమండ బెణికింది.

అరగంటలో వీధంతా అక్కడే. పసుపు, కుంకుమ, బొగ్గు, నిమ్మకాయలు, నేల మీద మనిషి బొమ్మ. పైగా మధ్యాహ్నం పన్నెండుకే అమావాస్య పట్టిందంట. నేను కేలెండరు చూడలేదు. బొమ్మకు పొట్ట ఉంది, రంగనాథ్‌కు పొట్ట ఉంది. బొమ్మకు ఎడమకాలు పొట్టి, రంగనాథ్‌కు ఎడమకాలు బెణికింది. ఇంకేం కావాలి? రంగనాథ్‌కు ఎవరో చేతబడి చేశారని తేల్చేశారు.

నేనూ అందరితో పాటు నిలబడి అయ్యో అయ్యో అన్నాను. ఎవరో పక్కన, ఎంత వికారంగా ఉండాదో చూడు ఆ బొమ్మ, అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తల బాగానే వచ్చింది కదా.

రేపు చెప్తాను. ఇవ్వాళ అందరూ భయంలో ఉన్నారు, చెప్పినా వినరు.

ఆగస్టు 23, శనివారం

చెప్పలేదు. రంగనాథ్ మంత్రాలయం వైపు నుంచి ఉరుకుందు స్వామి అనే ఆయన్ను పిలిపించాడు. ఆయన బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇది ఆడమనిషి చెయ్యి అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు కొంగులో పెట్టుకున్నాను. పిండి గోళ్ళలో ఇంకా ఉంది. ఆయన నా వైపు చూడనే లేదు. పడమటి దిక్కు నుంచి వచ్చిన ఆడమనిషి, నీళ్ళ పని చేసేది, ఈ వీధికి కొత్త, అన్నాడు. అందరూ ఒకేసారి తల తిప్పి చూశారు.

మద్దమ్మను.

మద్దమ్మది ఆదోని అవతల పల్లె. వానలు లేక మొగుడు కంబన్నతో వచ్చి రంగనాథ్ కట్టిస్తున్న మేడ దగ్గర రేకుల షెడ్డులో ఉంటోంది. కంబన్న అక్కడ కాపలా. ఆమె మా ఇంట్లో రెండుపూటలా బోకులు తోముతుంది. నీళ్ళ కోసం రోజూ ఆ స్థలం మీదుగానే నడుస్తుంది. స్వామి మూడు మాటలూ ఆమెకు అతికినట్టు సరిపోయాయి. ఆ మాటలు ఆయనకు రంగనాథ్ కారులోనే చెప్పి ఉంటాడని నా అనుమానం.

మంగళవారం సాయంత్రానికి షెడ్డు ఖాళీ చేయాలన్నాడు రంగనాథ్.

ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చింది. ఇక్కడ ఎంకిని నేనే.

ఆగస్టు 24, ఆదివారం

చెప్తే ఏమవుతుంది? వీధి నవ్వుతుంది, అది ఒక పూట. శివానికి తెలుస్తుంది. వెంకటేశ్వరమ్మకు తెలుస్తుంది. వదినా, నన్ను అడిగి ఉంటే నేర్పించేదాన్ని గదా, అంటుంది ఆ తీపి గొంతుతో. జన్మంతా అంటుంది.

రంగనాథ్ ఊరికే బెదిరిస్తున్నాడు. నిజంగా పంపించడు. కాపలా మనిషి దొరకడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

మద్దమ్మ సాయంత్రం బోకులు తోముతూ ఏడ్చింది. ఎవరూ కుళాయి దగ్గరికి రానివ్వడం లేదంట. రెండు వీధుల అవతల నుంచి మోసుకొస్తోంది. బిందె చంకన పెట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడి చెప్తోంది. నడుము ఒక వైపు ఎగసింది, భుజం రెండో వైపు వాలింది. ఖాళీగా ఉన్న కాలు మోకాలి దగ్గర మెత్తగా వంగి మడమ లేచింది. నీలం గోళ్ళ అమ్మాయి చెప్పిందంతా నా ముందు నిలబడి ఉంది. మడిచిన కాలు పొట్టిది కాదు, దాని మీద బరువు లేదు, అంతే. ఎంత తేలిక.

మద్దమ్మ ఏం చెప్పిందో సగం వినలేదు. ఆమె వెళ్ళగానే బండ మీద తడివేలితో గీశాను. కాలు వచ్చింది! మొదటిసారి కాలు వచ్చింది.

ఆగస్టు 25

నా పట్టుచీర ఒకటి మద్దమ్మకు ఇచ్చాను. ఎందుకమ్మా అంది. ఊరికే అన్నాను. మడత కూడా విప్పకుండా అరుగు మీదే పెట్టి వెళ్ళింది.

కాగితం మీద కూడా కాలు బాగా వస్తోంది. నేను చెడ్డ మనిషినేం కాదు.

ఆగస్టు 26, మంగళవారం

ఇవ్వాళ్టిది ఒక్క ముక్క వదలకుండా రాయాలి.

పొద్దున మార్కెట్టుకు పోతూ చూశాను. కంబన్న షెడ్డు రేకులకు కట్టిన తాళ్ళు విప్పుతున్నాడు. మద్దమ్మ గిన్నెలు గోనెసంచిలో వేస్తోంది. కంబన్న నన్ను చూసి నవ్వి, "పోతాండామమ్మా. ఊర్లో యాడ పని ఉండాది, దుడ్లు యాడ ఉండాయి. చూడాల," అన్నాడు. నవ్వాడు ఆ మనిషి. కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చి ఈయన ముందు కూర్చుని అంతా చెప్పేశాను. ఈయన కళ్ళద్దాలు తీసి, నిమ్మకాయలు ఎందుకు పెట్టావని అడిగారు. కళ్ళకు, అన్నాను. కుర్చీలో నుంచి పడిపోతారేమో అన్నంత నవ్వారు. నవ్వి నవ్వి, చొక్కా తొడుక్కుని, పద అన్నారు.

సాయంత్రం నాలుగింటికి స్థలం దగ్గర వీధంతా ఉంది. రేపు చవితి, పందిరి గుంజలు ఎక్కడ పాతాలా అని తగువు. స్వామి ఆ బొమ్మను చెరిపించేసినా, ఆ చోట మాత్రం గుంజ పాతబోమంటున్నారు అందరూ. శివాని బడి నుంచి వచ్చేసింది. పండగకని వెంకటేశ్వరమ్మ కూడా మధ్యాహ్నమే రైలు దిగింది. నా తలరాతలో ఏదీ సగం సగం ఉండదు.

"ఆ బొమ్మ వేసింది నేను రంగనాథా," అన్నాను.

ఆయన నమ్మితే కదా. కుంటుతూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ మనసు నాకు తెలుసు పెద్దమ్మా. పనిమనిషి పోతే నీకు కష్టం. దాన్ని కాపాడతాండావు."

టూరీ సంగతి చెప్పాను. బడి కాగితం సంగతి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. కృష్ణవేణమ్మ సినిమా బొమ్మలు వేయడమేమిటి? నేను పెద్ద ఇంటి మనిషినంట, శ్రీనివాసులు సార్ పెండ్లాన్నంట. మర్యాద ఇంత పనికిరానిదని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

ఇంటికి వెళ్ళి పిండిడబ్బా తెచ్చాను. చీర కుచ్చిళ్ళు దోపుకున్నాను. చుక్కలు పెట్టాను, తలకు ఏడు, మెడకు ఒకటి. వెన్నుగీత వంచి వేశాను. నడుము ఒక వైపు ఎత్తాను, భుజం రెండో వైపు దించాను. బరువు కుడికాలి మీద వేసి, ఎడమకాలు మోకాలి దగ్గర మడిచాను. పిండి నా వేళ్ళ సందుల్లో నుంచి నీళ్ళలా పోయింది. చూడకుండానే తెలిసింది, వచ్చేసిందని. లేచి చూస్తే టూరీ నడుము మీద చెయ్యి పెట్టుకుని నేల మీద నుంచి నన్నే చూస్తోంది. శివాని గట్టిగా ఊపిరి తీసుకోవడం వినపడింది.

వెంకటేశ్వరమ్మ, "వదినా, శానా బాగా వేసినావే," అంది. తీపి గొంతు కాదు, మామూలు గొంతుతో అంది. ఆ ఒక్క మాట కోసమే నేను ఎండలో మిద్దె ఎక్కాను.

రంగనాథ్ ఫోన్ తీసి శుక్రవారం నాటి ఫొటో పక్కన పెట్టి చూశాడు. అందరూ తొంగి చూశారు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది చక్కంగా ఉండాది పెద్దమ్మా. అది ఇట్ల లేదు. అది వేసిన చెయ్యి వేరే."

నా బొమ్మను మెచ్చుకుంటున్నాడు. మెచ్చుకుని మద్దమ్మను వీధిలో నుంచి పంపించేస్తున్నాడు. ఏం చేయను? ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు రాయాలి, ఒక్క క్షణం అలా వదిలేద్దామనుకున్నాను. శివాని ముఖం వెలిగిపోతోంది. నేను చెప్పాల్సింది చెప్పాను, వాళ్ళు నమ్మకపోతే నా తప్పా?

షెడ్డు ముందర గోనెసంచి మూతి కట్టేసి ఉంది.

చీపురు తెమ్మన్నాను. టూరీని ఊడ్చేశాను. శివాని వద్దు జేజీ అని ఏడుపు మొదలుపెట్టింది. మళ్ళీ కూర్చున్నాను. ఈసారి చెడగొట్టి వేయాలి. అదెంత కష్టమో వేసినవాళ్ళకే తెలుస్తుంది. చెయ్యి ఒకసారి సరైన దారి పట్టాక పాత దారికి రానంటుంది. నోటితో చెప్పుకుంటూ వేశాను, బడిపంతులులాగా. ఇక్కడ చుక్క ఒకటి ఎక్కువ పెట్టినా, అందుకే పొట్ట వచ్చింది. ఇక్కడ చేతులు రెండూ సమానంగా చాపినా, అది మా అమ్మ మొట్టిన తప్పు. ఇక్కడ కాలు మడవడం తెలియక నరికేసినా. ఇప్పుడు ఎవరైనా రెండు నిమ్మకాయలు ఇవ్వండి.

రంగనాథ్ పెండ్లామే తెచ్చిచ్చింది. పెట్టాను. చుట్టూ పిండి పోశాను.

ఫొటో పక్కన పెట్టి చూశారు. పొట్ట, కొమ్ములు, కుంటికాలు, అన్నీ అవే. ముందు రంగనాథ్ పెండ్లాము కిసుక్కుమంది. "నీ మాదిరే ఉండాడప్పా," అంది మొగుడితో. ఇక వీధి వీధంతా పొట్టలు పట్టుకుంది. రంగనాథ్ ముఖం కుంకుమ రంగుకు తిరిగింది. సరేలే, షెడ్డులోనే ఉండనీ, అని కుంటుకుంటూ ఇంట్లోకి పోయాడు. ఈయన చప్పట్లు కొట్టారు. నేను వీధి మధ్యలో నా జన్మలో వేసిన అతి చెత్త బొమ్మ పక్కన నిలబడి చేతులు దులుపుకున్నాను. నాకు చాలా గొప్పగా అనిపించింది.

అప్పుడు మద్దమ్మ వచ్చింది. కాళ్ళకు దండం పెడుతుందేమో, వద్దు వద్దు అనాలని తయారుగా ఉన్నాను.

"నాలుగు దినాలమ్మా," అంది. గొంతు పెంచలేదు. "నాలుగు దినాలు నీ ఇంట్లో బోకులు తోమితి. నీ ముందర ఏడిస్తి. నన్నే చూస్తాంటివి గదా నువ్వు. చూస్తా చూస్తా ఎట్ల ఊరకుంటివి?"

నేను ఆమెలో ఏం చూస్తున్నానో ఆమెకు చెప్పలేకపోయాను. ఎవరికీ చెప్పలేను. నేను చెడ్డ మనిషినేం కాదని నిన్న ఇక్కడే రాశాను. ఆ పేజీ చింపబుద్ధి కావడం లేదు, ఉండనీ.

ఆగస్టు 27, వినాయక చవితి

బోకులు నేనే తోమాను. ఉండ్రాళ్ళ గిన్నె అడుగంటింది. వెంకటేశ్వరమ్మ పక్కన నిలబడి కడిగిచ్చింది. నెమలి ముక్కు కాకి ముక్కులా ఉందని ఆమెతో చెప్పేశాను. నాకూ తెలుసు వదినా, ముక్కే రాదు నాకు, అంది.

ఆగస్టు 28

మద్దమ్మ రాలేదు.

ఆగస్టు 30, శనివారం

శివాని మమ్మల్నిద్దరినీ తీసుకుపోలేదు. మీరిద్దరూ జగడం పడతారు అని వాళ్ళ జేజినాయన్ను తీసుకుపోయింది. ఈయన స్టేజి మీద టూరీకి బదులు మామిడికాయ గీశారంట. తల నుంచి కాళ్ళ దాకా అంటే, మామిడికాయకు కాళ్ళెక్కడివి అన్నారంట. శివాని దానికి కాళ్ళూ చేతులూ పెట్టిందంట. రెండో బహుమతి. స్టీలు డబ్బా ఒకటి ఇచ్చారు. హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నారు ఈయన.

నాకు బాధగా ఉందా అని అడిగింది పిల్ల. లేదన్నాను. ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

ఇవ్వాళ నేనే షెడ్డు దగ్గరికి వెళ్ళాను. తప్పైపోయింది మద్దమ్మా, అన్నాను. ఇంత వయసొచ్చి ఒక పనిమనిషికి తప్పు ఒప్పుకోవడం ఎలాగా అని నాలుగు రోజులు లోపల్లోపల కొట్టుకున్నాను. నోరు తెరిస్తే ఒక్క నిమిషం పట్టలేదు.

మద్దమ్మ రొట్టెలు తడుతూ విని, రంగనాథ్ సంగతి ఎత్తింది. వీధి తనను చూసి నవ్విన కసి రంగనాథ్‌కు ఇంకా తీరలేదంట. నిన్న మళ్ళీ వచ్చి, స్వామి మాట స్వామిదే, స్లాబు పడినాక మిమ్మల్ని పంపిస్తా, అని కంబన్నతో అన్నాడంట. నేను పోయి మాట్లాడతానన్నాను. అక్కర్లేదమ్మా అంది.

"ఆ కుంటిదాన్ని ఈడ నా వాకిట్లో వెయ్యి. అది చాలు."

అది ఉత్త సినిమా బొమ్మ అని ఇప్పుడు అందరికీ తెలుసు కదే, ఎవరు భయపడతారు, అన్నాను. మద్దమ్మ స్థలం వైపు చెయ్యి చూపించింది. పందిరిని పదడుగులు పక్కకు జరిపి వేశారు. నేను వేసిన బొమ్మ మంగళవారం ఎలా ఉందో ఇవ్వాళ్టికీ అలాగే ఉంది. వినాయకుడికి మొక్కడానికి వచ్చినవాళ్ళు కూడా చుట్టూ తిరిగి పోయారు. ఒక్కరూ తొక్కలేదు.

ఇంటికొచ్చి పిండి, పసుపు, కుంకుమ, బొగ్గు తీసుకుని వెళ్ళాను. చేతనైనంత బాగా చెడగొట్టి వేశాను. మద్దమ్మ చేతులు కట్టుకుని నిలబడి తప్పులు పట్టింది. పొట్ట ఇంకా పెద్దగా ఉండాల్నంది. కాలు ఇంకా పొట్టిగా ఉండాల్నంది. నిమ్మకాయలు మరిచిపోతే వెనక్కి పంపింది. ఆఖరి నిమ్మకాయ పెడుతుంటే రంగనాథ్ బండి మలుపు తిరిగింది. మేడ పని చూడ్డానికి వస్తున్నాడు. బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, మద్దమ్మను చూశాడు. అంతా తెలిసిన మనిషే. అయినా బండి తిప్పుకుని వచ్చిన దారినే పోయాడు.

మద్దమ్మ నవ్వలేదు. రేపటి నుంచి పనికి వస్తావా అని అడిగితే చూస్తానంది. బొమ్మ మాత్రం వాకిట్లో తిరిగే కాళ్ళకు రోజూ చెరిగిపోతుంది గదా, రోజూ పొద్దున ఆరింటికి వచ్చి వేసి పోవాలంట. ఆరున్నరకు వస్తాను మద్దమ్మా, ఈయన కాఫీ అవీ చూసుకుని, అన్నాను. అంతమాత్రానికి రావద్దులే, ఇంకొకరిని చూసుకుంటా, అంది. ఇన్నాళ్ళూ ఆమె ఆలస్యంగా వస్తే నేను అన్న మాట అదే. అదే గొంతుతో అంది.

ఆరింటికే వస్తానన్నాను.